పిజ్జా రాయికి కొలత

వంటింటి సామాన్ల కొట్టు. భోజనాల వేళ దాటింది, బేరాలు పలచబడ్డాయి. కౌంటరు వెనక కొట్టు యజమాని. ముందు, చంకలో మడిచిన వార్తాపత్రిక కాగితంతో, అతని అక్క మొగుడు. బిస్కెట్ల ఫ్యాక్టరీలో తనిఖీ పని చేసి ఈమధ్యే రిటైరైన మనిషి.

"అది కాదురా, దాని పక్కది. ఆ బూడిద రంగుది. దించు."

"దించుతా బావా, దించుతా. ముందు కూర్చో. ఇన్నాళ్ళకి మా గుమ్మం తొక్కావు, వాన పడుతుందేమో, గొడుగు వెతుక్కోనీ."

"కూర్చునే తీరిక లేదు. ఆ రాయి చూపించి, కట్టి ఇచ్చేయ్. వెళ్ళిపోతా."

"ఎక్కడికి వెళ్తావు? రిటైరయ్యాక కూడా సైరన్ మోగుతోందా నీకు? అన్నట్టు బావా, లోపలికి అడుగు పెట్టీ పెట్టగానే నన్ను చూసి ఏమన్నావు?"

"ఏమన్నాను?"

"'ఏరా, నువ్వున్నావేంటి' అన్నావు. నా కొట్లో నేను లేకపోతే మరెవడుంటాడు?"

"మంగళవారం నువ్వు గోడౌనుకి పోతావు కదా. అందుకని అన్నాలే."

"గోడౌను తాళంచెవి ఎక్కడో పారేసుకున్నా, ఆగిపోయా. అంటే ఏంటి, నేను ఉండనని చూసుకుని వచ్చావా?"

"అబ్బ, మాటకి మాట అంటిస్తావేంట్రా! రాయి దించు."

"ఇదిగో, దించా. కానీ ముందు చెప్పు. నీకు పిజ్జా రాయి ఎందుకు? నువ్వు వంటింట్లోకి వెళ్ళేది మంచినీళ్ళకి, వంకలు పెట్టడానికి. ఈ రెండింటికీ రాయి అక్కర్లేదే."

"నాకు కాదు. మీ అక్క అడిగింది."

"అక్కా! మొన్ననే ఫోన్లో మాట్లాడింది, ఈ సంగతి అననే లేదు."

"మర్చిపోయి ఉంటుంది."

"అక్క మర్చిపోవడమా? నేను చిన్నప్పుడు ఏ చెప్పు ఏ కాలవలో పోగొట్టుకున్నానో ఇప్పటికీ చెబుతుంది. సరేలే. ఇల్లంతా రంగులు వేయిస్తున్నారుగా, ఆ హడావుడిలో ఉండి ఉంటుంది. అయిపోయాయా రంగులు?"

"రంగులా? ఏ రంగులు?"

"మీ ఇంటికే బావా! ఒకసారి వచ్చి పోతానక్కా అంటే, 'వద్దురా, రంగులు వేస్తున్నారు, కాలు పెట్టే చోటు లేదు' అంది కదా."

"ఆ... ఆ రంగులా. అవుతున్నాయి. ఒక గది అయింది. అవుతూ ఉన్నాయి."

"ఎవడు బావా ఆ పెయింటరు? వాడు రంగు వేయడం లేదు, గోడకి బొట్లు పెడుతున్నట్టున్నాడు."

"నీ హాస్యానికేం గానీ, ఈ రాయి మంచిదేనా? వేడికి ఆగుతుందా?"

"ఇదా? ఇది కుండలు కాల్చే బట్టీల్లో అరలుగా వాడే రకం. నిప్పుల్లో పుట్టింది, నిప్పుకి బెదరదు. పైన పూత లేదు, పాలిష్ లేదు. దీని మీద పిజ్జా పెడితే, పిండిలో తడిని అద్దుడుకాగితంలా పీల్చేస్తుంది. చల్లటి ఓవెన్లో పెట్టి, ఓవెన్‌తో పాటే వేడెక్కనివ్వాలి. వేడి ఓవెన్లో చల్లటి రాయి పెట్టావో, అంతే సంగతులు. గుండు మేస్త్రీ కథ చెప్పానా నీకు?"

"చెప్పావు."

"చెప్పలేదు. వాడికి రాయి కొనడానికి మనసొప్పక, నున్నటి నేలబండ ముక్క కోసుకుని ఓవెన్లో పెట్టాడు. ఒకటే మంట. బండ వేడెక్కింది, ఉబ్బింది, ఫట్! ఓవెన్ తలుపు ఊడి, కిటికీలోంచి ఎగిరి, రెండు వీధులు దాటి మంగలి కొట్టు ముందు నిలువుగా దిగబడింది. ఆ మంగలి దాన్ని గోడకి తగిలించి అద్దంగా వాడుకుంటున్నాడు. అందులో చూసుకుంటూ గడ్డం గీయించుకున్నవాళ్ళకి మొహం కాస్త కాలినట్టు కనపడుతుందట."

"ఒరేయ్, నీ కోతలకి ఒక హద్దుండాలి."

"కోతలా! నమ్మకపోతే వెళ్ళి గడ్డం గీయించుకో. ఇదిగో, ఇంకో రకం చూడు. ఇనప పలక. ఇది రాయికంటే చురుకు. అడుగు క్షణంలో ఎర్రబారుతుంది. కానీ కొత్త చేతులకి వద్దు, రెప్ప వేసేలోగా మాడుతుంది. ఇది గుండ్రటి రాయి, అందంగా ఉంటుంది, కొనేవాళ్ళు దీన్నే చూస్తారు. నేనైతే ఈ నలుచదరపు రాయే తీసుకోమంటా. రొట్టె కాల్చుకోవచ్చు, బిస్కెట్లూ కాల్చుకోవచ్చు. నీ బుద్ధికి సరిపోతుంది, వంకరవి ఏరుకుంటూ కూర్చోవచ్చు."

"ఆ మాట ఎందుకులే ఇప్పుడు."

"నేనన్నది కాదు బావా. అక్కే అంది. ఫ్యాక్టరీలో కదిలే పట్టీ మీద బిస్కెట్లు వస్తుంటే పక్కన కూర్చుని వంకరవి బుట్టలోకి ఏరేసేవారు కదా, రిటైరయ్యాక ఆ పట్టీ సరాసరి మా వంటింట్లోకి వచ్చింది అంది."

"ఎప్పుడంది?"

"ఎప్పుడో. నవ్వుతూనే అందిలే."

"నవ్వుతూ అందా?"

"ఫోన్లో మొహం కనపడదుగా. నేను నవ్వాను, తనూ నవ్వే ఉంటుంది. ఏంటలా అయిపోయావు? బీరువా అంత మనిషివి, ఇంత మాటకే! ఇదిగో, అక్కకి ఈ పెద్ద రాయే ఇస్తున్నా."

"వద్దు. ఆ చిన్నది చాలు."

"చిన్నదెందుకు? అక్క ఓవెన్ అంటే మామూలు ఓవెనా! గోడ తొలిపించి, నేను దగ్గరుండి బిగించిందది. కాళ్ళు కాస్త ముడుచుకుంటే నేనే అందులో పడుకోవచ్చు."

"బరువు రా. ఊచలు వంగిపోతాయి."

"ఏ ఊచలు? ఆ ఊచల మీద నేను కాళ్ళు పెట్టి నిలబడి చూశాక బిగించా."

"అంత బరువు మోసుకుని మెట్లెక్కాలంటే..."

"మెట్లా? మీ ఇంటికి మెట్లెక్కడివి బావా? గేటు తీస్తే గుమ్మం, గుమ్మం దాటితే వంటిల్లు."

"అదే... గుమ్మం ముందు రెండు మెట్లు లేవూ?"

"అవి మెట్లా? కోడిపిల్ల కూడా వాటిని లెక్కచేయదు. నీళ్ళు నములుతున్నావేంటి? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. ఆ చిన్న రాయి ఇవ్వరా, పుణ్యం ఉంటుంది."

"ఇస్తానులే. ఇంతకీ చిన్న రాయి అంటే ఒక కథ గుర్తొచ్చింది. సంగీతం టీచరు ఒకావిడ వచ్చింది కొట్టుకి. చిన్న రాయి కావాలంది. ఇద్దరికి ఇది చాలదమ్మా అన్నా. అంతే, కళ్ళ నీళ్ళు! ఇద్దరు లేరండీ, ఒక్కదాన్నే, వచ్చేశాను అంది. ఎందుకొచ్చేసిందో తెలుసా? మొగుడి గురక శ్రుతిలో ఉండదట! పడుకునే ముందు శ్రుతిపెట్టె తలగడ పక్కన పెట్టి, 'ఈ శ్రుతికి పెట్టండి' అని బతిమాలేదట. ఆయన మధ్యలో శ్రుతి తప్పేవాడట!"

"ఆవిడ నీతో అలా చెప్పుకుందా?"

"గురక నేను కలిపాననుకో. వచ్చేసిందన్నది మాత్రం నిజం. ఉత్త నిజం ఎవడు వింటాడు బావా, ఉప్పూకారం తగలందే? ఈ వీధి వీధంతా పొట్ట పట్టుకుని నవ్వారు. ఇప్పుడు ఆవిడ అటుగా పోతుంటే కూరగాయల కొట్టు కుర్రాళ్ళు చిన్నగా గురక పెడతారు."

"మళ్ళీ వచ్చిందా నీ కొట్టుకి?"

"ఎవరు, టీచరా? రాలేదు. ఎందుకో మరి."

"ఎందుకో మరి."

"ఆ చంకలో ఏంటి బావా? ఇందాకటి నుంచి చూస్తున్నా, కోడిని దాచినట్టు దాస్తున్నావు. కొలత కాగితమేనా?"

"పాత పేపర్రా. ఏమీ లేదు."

"కొలత కాగితమే! మా కొట్టు పద్ధతి ఎరిగినవాడివి, ఖాళీ చేతుల్తో ఎందుకొస్తావు? ఓవెన్లో అర ఎంత ఉంటే అంత కాగితం కోసుకు రావాలి, దాని మీద రాయి పెట్టి చూడాలి, చుట్టూ వేలెడు సందు ఉంటేనే అమ్మాలి. గాలి తిరగకపోతే అడుగు మాడుతుంది, పైన పచ్చిగా ఉంటుంది. ఇలా తే."

"అక్కర్లేదులే. నేను కళ్ళతో చూసుకున్నా, ఈ చిన్నది సరిపోతుంది."

"కళ్ళతో చూసి కొన్నవాళ్ళందరూ మర్నాడు తిరిగొచ్చినవాళ్ళే. తే అంటుంటే!"

"ఒరేయ్, లాగకు, చిరుగుతుంది! చిరిగితే మళ్ళీ..."

"మళ్ళీ ఏంటి? మళ్ళీ కోసుకోవచ్చుగా. వదులు. ఆ... ఇలా పరుద్దాం... ఇదేంటి బావా? సగం మడిచి ఉందా? లేదే. ఇంతేనా?"

"కాస్త చిన్నగా కోశానేమో."

"కాస్త చిన్నగానా! అక్క ఓవెన్లో ఇలాంటివి రెండు పడతాయి. ఇది గోడలో ఓవెన్ కాదు. బల్ల మీద పెట్టుకునేది. ఒంటిమనిషి గదుల్లో ఉంటుందే, ఆ బాపతు."

"ఒరేయ్..."

"ఆగు. ఇది కోసింది కూడా నువ్వు కాదు. నువ్వు సబ్బు కాగితం చించితే సబ్బు రెండు ముక్కలవుతుంది. ఇది చూడు, అంచు ఎక్కడా వణకలేదు, మూలలు చిరగకుండా గుండ్రంగా తిప్పారు. ఇది ఆడమనిషి చెయ్యి."

"నువ్వు అనవసరంగా..."

"నేను లేని రోజు చూసుకుని వచ్చావు. కూర్చోమంటే కూర్చోవు. చిన్న రాయి కావాలి. బరువు వద్దు, మెట్లున్నాయి. మెట్లెవరివి బావా?"

"ఏమీ లేదురా."

"ఏమీ లేనిదానికి మెట్లెందుకుంటాయి? ఎవరావిడ?"

"గట్టిగా అరవకు. వీధిలో జనం ఉన్నారు."

"సిగ్గుందన్నమాట ఇంకా! సరే, తలుపు వేస్తున్నా. ఇప్పుడు చెప్పు. ఎవరు?"

"ఎవరూ లేరు."

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే లోకానికి కనపడదా? ఈ వయసులో! మోకాళ్ళకి నూనె రాసుకుంటూ, మెట్లెక్కి, పిజ్జాలు! అదీ ఎవరి కొట్లో కొంటున్నావు? పెళ్ళాం తమ్ముడి కొట్లో! ఎవడైనా దొంగతనానికి పోతూ ఇంటాయన్నే నిచ్చెన అడుగుతాడా?"

"సరే. అలాగే అనుకో."

"ఏంటి?"

"నువ్వేమనుకుంటే అదే. ఎవరో ఒకావిడ ఉందనుకో. తిట్టు, కావాలంటే కొట్టు. రాయి మాత్రం ఇవ్వు. ఎవరికీ చెప్పకు, మీ అక్కతో అసలు అనకు. అంతే అడుగుతున్నా."

"అక్కతో అనకూడదా! ఎంత చల్లగా అంటున్నావు! మా అక్క ఎవరనుకున్నావు? అమ్మ పొలానికి పోతే నన్ను చంకనేసుకుని పెంచింది. బడికి నేను వేసుకున్న ప్రతి చొక్కా అక్క కోసి కుట్టిందే. ఆవిడ నీ బిస్కెట్ల ఫ్యాక్టరీ క్యారేజీలు కట్టీ కట్టీ నడుం వంగిపోయి, ఇంట్లో కూర్చుని నువ్వెప్పుడొస్తావా అని చూస్తుంటే... నువ్వు ఇక్కడ వేలెడు సందు చూసుకుంటున్నావా?"

"ఫోన్ కింద పెట్టు."

"పెట్టను. ఇప్పుడే చేస్తా. స్పీకర్లో చేస్తా."

"వద్దురా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"నువ్వా? జన్మలో ఒకడికి తల వంచినవాడివి కాదు, బావమరిది కాళ్ళు పట్టుకుంటావా? అంత ముద్దొచ్చిందా ఆవిడ?"

"ఆ మెట్ల పైన గది మీ అక్కదే. విన్నావా? మీ అక్కదే. నది ఒడ్డున బట్టలు సరిచేసే కొట్టు ఒకటుంది. దాని పైన గది. పగలు కింద కుట్టు, రాత్రి పైన పడక. ఆ ఓవెన్ ఆ కొట్టావిడ పాతది, వాడుకోమని ఇచ్చింది. చలి మొదలయ్యేలోపే వచ్చేసింది మీ అక్క."

"వచ్చేయడమేంటి?"

"ఇంట్లోంచి. నా దగ్గర్నుంచి."

"ఎందుకు? కొట్టావా?"

"ఒక్క దెబ్బ వేయలేదురా. వేసుంటే నాకైనా అర్థమయ్యేది, ఎందుకు పోయిందో."

"మరి?"

"పిజ్జా చేసింది. బల్ల మీద పెట్టింది, వేడివేడిగా. పొద్దున్నుంచీ పిండి పొంగించుకుంటూ కూర్చుంది, నాకు తెలుసు. నేను తినలేదు. ముందు అంచు పట్టి పైకెత్తి అడుగు చూశా. అలవాటు. ఫ్యాక్టరీలో ప్రతి బిస్కెట్టూ తిరగేసి చూసేవాణ్ణి. అడుగు తెల్లగా ఉందన్నా. 'అయితే ఇది కూడా బుట్టలోకేనా' అంది. 'బుట్టలోకే' అన్నా. నవ్వుతూనే అన్నాను. తను పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళింది. మర్నాడు సంచి సర్దుకుంది."

"ఒక్క పిజ్జాకి సంచి సర్దుకుంటుందా ఎవరైనా?"

"నేనూ అదే అడిగా. 'ఒక్కటి కాదు, మీరు ఒక్కటే గుర్తుపెట్టుకున్నారు' అంది. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ గదికి వెళ్తా. తలుపు కొట్టి, తీసేదాకా మెట్టు మీద నిలబడతా. తీస్తుంది. ఒక ముక్క పెడుతుంది. అడుగు చూడకుండా తింటా. ఆ ఓవెన్లో అడుగు కాలదురా, తడిగా, మెత్తగా ఉంటుంది. బాగుందంటా. నమ్మదు. మొన్న తనంతట తనే అంది, రాయి ఉంటే అడుగు కరకరలాడుతుందేమో, తెస్తారా అని. ఇల్లు వదిలాక నన్నొక వస్తువు అడగడం అదే మొదలు. ఆ కాగితం తనే కోసి నా చేతికిచ్చింది. మడత కూడా తను పెట్టిందే."

"అలా అయితే సరాసరి నా దగ్గరికే పంపేది కదా అక్క? రాయి కావాలంటే తమ్ముడు లేడూ?"

"ఎక్కడైనా కొనండి, మా తమ్ముడి దగ్గర మాత్రం వద్దు అంది."

"మరెందుకొచ్చావు?"

"వేరే కొట్లు తిరిగా. ఒకచోట పైన పూత మెరుస్తోంది. ఇంకోచోట అంచు పెచ్చు లేచింది. ఒకడు అడుగుకి జిగురు పెట్టి కాగితం అంటించాడు. ఒక్కటీ నా కంటికి ఆనలేదు. మంచి రాయి నీ దగ్గరే ఉంటుంది, మంగళవారం నువ్వుండవు, నీ కొట్లో పనిపిల్ల దగ్గర కొనుక్కుపోదామనుకున్నా. ఏదో ఒకటి కొని పారేస్తే పోయేది. వంక లేని రాయి తెద్దామనుకున్నానురా."

"నా దగ్గర వద్దని ఎందుకంది?"

"అది అడక్కు."

"చెప్పు."

"వద్దు. నీకు బాగుండదు."

"ఇప్పటిదాకా నాకేదో బాగున్నట్టు! చెప్పు బావా."

"వాడికి తెలిస్తే సాయంత్రానికల్లా కథ అయిపోతుంది అంది. 'నా బతుకు కౌంటరు మీద పరిచి, దానికి ఉప్పూకారం అద్ది, వచ్చినవాడికల్లా పంచుతాడు. ఎవరూ నవ్వకుండా వాడు ఏదీ చెప్పలేడు' అంది. ఒట్టు వేయించుకుంది. తమ్ముడి చెవిన పడ్డ రోజు నుంచి మీరు నా మెట్లెక్కవద్దు, నేను తలుపు తియ్యను అంది. అందుకే అన్నా, ఎవరో ఒకావిడ ఉందనుకో అని. ఆ నింద అయితే మోయగలను. ఆదివారం మిగులుతుంది."

"భలే!"

"ఏంటి?"

"భలే అల్లావు బావా. అందరూ నన్ను కోతలరాయుడంటారు, నువ్వు నాకు తాతవి. కుట్టు కొట్టు, పైన గది, తడి అడుగు! దొరికిపోయేసరికి ఎంత చక్కగా అక్క నెత్తిన పెట్టావు!"

"ఒరేయ్, నిజం రా."

"మా అక్క ఇల్లు వదిలేస్తే మొదట నాకు తెలుస్తుంది. నా గురించి అక్క ఆ మాట అంటుందా? చిన్నప్పుడు నా కథలకి మొదట నవ్వింది ఎవరనుకున్నావు? అక్కే. నవ్వి నవ్వి, చాల్లే చిన్నోడా, కడుపు నొప్పి అనేది."

"ఇప్పుడూ నవ్వుతుంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు కుట్టు ముట్టుకోదు."

"నోరు ముయ్యి! ఈ లోకంలో అందరూ నాతో అబద్ధం చెబుతారు బావా, బేరాలాడేవాళ్ళు, సరుకు అమ్మేవాళ్ళు, నువ్వు, నా పెళ్ళాంతో సహా. అక్క చెప్పదు. ప్రతి వారం మాట్లాడుతుంది. ఇంట్లోనే ఉన్నానంటుంది. బావ కూడా ఇంట్లోనే ఉన్నారంటుంది."

"అంటుంది."

"అంటే ఉన్నట్టే!"

"సరే, ఉన్నట్టే. చెయ్యకు ఫోన్. వద్దన్న కొద్దీ చేసేలా ఉన్నావు... ఒక్కటి. ఒక్కటే అడుగుతా. నేను ఇక్కడున్నానని మాత్రం అనకు. నాతో మాట్లాడానని కూడా అనకు."

"అనను. నీకెందుకంత భయం? అక్క నోటితోనే వినిపిస్తా. మీ బావ పొద్దుననగా ఎటో వెళ్ళారురా, ఇంకా రాలేదు అంటుంది చూడు. అప్పుడు మాట్లాడతా నీ సంగతి, ఆ మెట్ల సంగతి. మోగుతోంది. ఊపిరి కూడా గట్టిగా పీల్చకు."

"ఒరేయ్..."

"ష్! ...హలో, అక్కా?"

"ఏరా చిన్నోడా! ఈ వేళప్పుడు ఫోనేంటి? కొట్లో ఈగలు కూడా రావడం లేదా?"

"రావడం లేదక్కా. అవి కూడా అరువు అడిగి వెళ్ళిపోయాయి."

"నీ మొహం! చెప్పు."

"ఏంటక్కా ఆ చప్పుడు? టకటకమని?"

"ఏ చప్పుడు? అదా... ఆగు, ఆపేశారులే. పక్కింట్లో ఏవో మేకులు కొట్టుకుంటున్నారు."

"ఓహో. రంగులు అయ్యాయా?"

"ఎక్కడరా, సాగుతూ ఉన్నాయి. నువ్వు ఇప్పుడే రాకు. బాగున్నావా? గొంతేంటి అలా ఉంది?"

"బాగానే ఉన్నా. అక్కా... బావ ఉన్నాడా?"

"బావా? ఎందుకురా?"

"ఊరికే. ఒక మాట అడుగుదామని. ఇంట్లో ఉన్నాడా, ఎటైనా వెళ్ళాడా?"

"ఎటు వెళ్తారురా ఆయన? ఇదిగో, నా ఎదురుగానే కూర్చుని పిజ్జా తింటున్నారు. నోట్లో ముక్క ఉంది, తర్వాత మాట్లాడిస్తాలే. నమ్మవు గానీ చిన్నోడా, ఇవాళ ఒక్క వంకా పెట్టలేదు."